నిరాడంబర జీవనం (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

తగిన స్తోమత, అవకాశం ఉండి కూడా వస్తువులను, ఆస్తిని, ఖర్చును తమంతట తాము తగ్గించుకుని బతికే పద్ధతిని నిరాడంబర జీవనం అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పద్ధతికి మూడు ప్రసిద్ధమైన ఉదాహరణలున్నాయి. మొదటిది పొందూరు ఖాదీ. రెండోది 2018లో హిరమండలం మండలంలో వెలసిన కూర్మ గ్రామం. మూడోది తమ ఆస్తినో సంపాదననో ప్రజల సంస్థలకు ఇచ్చేసిన వ్యక్తుల జీవితాలు. బౌద్ధ, జైన ఆశ్రమాల కాలం నుంచీ ఈ ప్రాంతంలో మితజీవనానికి ఆనవాళ్లున్నాయి. ఇదే ప్రాంతం పేదరికానికీ వలసలకూ పేరుపడింది కాబట్టి, కోరి ఎంచుకున్న నిరాడంబరతను గత్యంతరం లేని లేమి నుంచి వేరుచేసి చూడడం ఇక్కడ మరీ అవసరం.

నిర్వచనం, పరిధి

నిరాడంబర జీవనానికి పొదుపుతో పోలిక ఉన్నా రెండూ ఒకటి కావు. పొదుపు చేసేవాడు రేపటి ఖర్చు కోసం ఇవాళ్టి ఖర్చు ఆపుతాడు. నిరాడంబరుడికి ఆ ఖర్చే అక్కర్లేదు. సన్యాసంతోనూ తేడా ఉంది. సన్యాసి ఇల్లు విడుస్తాడు, నిరాడంబరంగా బతికేవారిలో ఎక్కువమంది ఇల్లూ పిల్లలూ వృత్తీ ఉన్న సంసారులే. యోగశాస్త్రంలోని యమాల్లోనూ జైన వ్రతాల్లోనూ చెప్పిన అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం, ఈ భావానికి భారతీయమైన పాత రూపం. గాంధీ తన ఆశ్రమవాసుల ఏకాదశ వ్రతాల్లో దీన్ని చేర్చారు.

ఈ వ్యాసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత సరిహద్దుల మేరకు సాగుతుంది. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి కొండ ప్రాంతాలు చాలావరకు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి.

చరిత్ర

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గరలో ఉన్న శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాలు బయటపడ్డాయి. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి. విజయనగరం జిల్లా రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు ఉన్నాయి. బౌద్ధ సంఘ నియమం ప్రకారం భిక్షువుకు ఉండదగిన సొత్తు ఎనిమిది వస్తువులే: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ. ఆ భిక్షువుల పాత్ర నిండడానికి కింద మైదానంలో వ్యవసాయం చేసే గృహస్థులూ, ఓడరేవులో వ్యాపారం చేసే దాతలూ ఉండాల్సి వచ్చింది. ఒకరి నిరాడంబరత మరొకరి శ్రమ మీద నిలబడే ఈ తీరు తర్వాతి ఉదాహరణల్లోనూ కనిపిస్తుంది.

ఆధునిక కాలంలో ఈ భావానికి బలం జాతీయోద్యమం వల్ల వచ్చింది. గాంధీ 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి కట్టడం మొదలుపెట్టారు. ఖద్దరు కట్టడం, చరఖా తిప్పడం, విదేశీ వస్త్రాలు మానడం ఊరూరా వ్రతంగా మారాయి. 1929లో గాంధీ ఖాదీ నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగినప్పుడు ఆడవాళ్లు ఒంటి మీద నగలు తీసి ఇవ్వడం ఆనాటి సభల్లో మామూలైంది.

ప్రపంచంలో ఈ ఆలోచనకు ఇప్పుడున్న రూపం వెనుక కూడా గాంధీ ప్రభావం ఉంది. 1845 నుంచి 1847 వరకు వాల్డెన్ చెరువు గట్టున చిన్న గుడిసెలో బతికిన హెన్రీ డేవిడ్ థోరో పుస్తకం 1854లో వచ్చింది. అయితే స్వచ్ఛంద నిరాడంబరత అనే మాటను వాడుకలోకి తెచ్చిన అమెరికన్ రిచర్డ్ గ్రెగ్ 1920లలో భారతదేశానికి వచ్చి గాంధీ దగ్గర కొంతకాలం ఉన్నవాడు. దాని మీద ఆయన రాసిన వ్యాసం మొదట అచ్చయింది 1936లో శాంతినికేతన్ నుంచి వెలువడే విశ్వభారతి త్రైమాసికలోనే.

పొందూరు ఖాదీ

శ్రీకాకుళం జిల్లా పొందూరు, దాని చుట్టుపక్కల ఊళ్లలో చేతితో వడికి, చేతితో నేసే సన్నని నూలు బట్టకు పొందూరు ఖాదీ అని పేరు. గాంధీ ఈ బట్ట నాణ్యతకు ఆశ్చర్యపోయి, తయారీ తీరు చూసి రమ్మని కుమారుడు దేవదాస్‌ను పొందూరు పంపారని ఇక్కడి ఖాదీ సంఘంవారు చెప్పుకుంటారు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం నూలు వడికేవారికీ నేతగాళ్లకూ పని ఇచ్చి, బట్టను సేకరించి అమ్ముతోంది.

దీని ప్రత్యేకత పత్తి శుద్ధిలో ఉంది. కొండపత్తి, ఎర్రపత్తి వంటి స్థానిక రకాలను మిల్లుకు తీసుకెళ్లకుండా గింజగింజగా చేతితోనే శుభ్రం చేస్తారు. దువ్వెనగా వాడేది వాలుగ చేప దవడ ఎముక. ఈ దవడలో సన్నని పళ్లు వరుసలుగా దట్టంగా ఉంటాయి. దాన్ని ముక్కలుగా కోసి, పట్టుకోవడానికి వీలుగా చిన్న పుల్లకు కట్టుకుంటారు. వడికే ఆవిడ గింజను ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, దానికి అంటుకున్న దూదిని ఈ దవడతో మెల్లగా దువ్వుతుంది. నలక రాలిపోతుంది, పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి, దూదికి నిగనిగ వస్తుంది. ఆ తర్వాత చెక్కపలక మీద దూది పెట్టి ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజ విడిపోతుంది. చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొన్నెలో దాచుకుని, ఒక్కొక్కటే తీసి ఒంటి కదురు చరఖా మీద వడుకుతారు. మిగతా ఖాదీ కేంద్రాలు ఎక్కువగా అనేక కదుర్ల అంబర్ చరఖాకు మారినా పొందూరులో పాత చరఖా మిగిలింది. వడికిన నూలును చిలపలుగా చుట్టి సంఘానికి ఇస్తారు. ఈ పనులన్నీ చేసేది దాదాపుగా ఆడవాళ్లే, అదీ ఇంటి వసారాలో, వంటకీ పిల్లలకీ మధ్య దొరికిన వేళల్లో.

ఇలా వచ్చిన నూలు 100 నంబరుకు చేరుతుంది, కొన్నిసార్లు దాటుతుంది. ఆంగ్ల కొలతలో 100 నంబరు నూలంటే పౌను బరువులో 84,000 గజాల దారం. కరెంటు గానీ ఇంజను గానీ లేకుండా ఇంత సన్నం సాధించిన చోట్లు దేశంలో అరుదు. నిరాడంబర జీవనం గురించి మాట్లాడేటప్పుడు యంత్రం లేకపోవడాన్ని నైపుణ్యం లేకపోవడంగా పొరబడేవారు ఈ ఒక్క బట్టను చేత్తో తాకి చూస్తే చాలు.

ఈ బట్ట సామాజిక స్థానం కాలంతో మారింది. జాతీయోద్యమంలో త్యాగానికి గుర్తుగా కట్టిన ఖద్దరు, స్వాతంత్ర్యం తర్వాత ప్రజాజీవితానికి గుర్తయింది. ఆ తర్వాత పొందూరు పంచె దర్జాకు గుర్తుగా కూడా నిలిచింది. సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు ఈ పంచెలు కట్టి వీటికి పేరు తెచ్చినవారిలో ఒకరు. ఇవాళ సన్నరకం పొందూరు పంచె ధర మిల్లు పంచె ధరకు ఎన్నో రెట్లు. దాన్ని వడికిన ఆవిడకు దక్కే కూలి మాత్రం రోజు గడవడానికి చాలనంత తక్కువ. కొత్త తరం అమ్మాయిలు ఈ పనిలోకి రావడం లేదు. వాలుగ దవడలు దొరకడమూ కష్టమవుతోంది. (చూ. ఖాదీ, చేనేత.)

కూర్మ గ్రామం

హిరమండలం మండలం అంతకాపల్లి దగ్గర, అడవి అంచున సుమారు 60 ఎకరాల్లో ఉన్న నివాసం కూర్మ గ్రామం. వంశధార మీద గొట్టా బ్యారేజి ఉన్న మండలమిది. అంతర్జాతీయ కృష్ణచైతన్య సంఘానికి చెందిన భక్తివికాస స్వామి మార్గదర్శకత్వంలో ఆయన శిష్యులు 2018లో దీన్ని ప్రారంభించారు. ఆ సంఘాన్ని 1966లో న్యూయార్క్‌లో స్థాపించిన భక్తివేదాంత స్వామి ప్రభుపాద (1896–1977) సాదా బతుకు, ఉన్నతమైన ఆలోచన అనే ఆదర్శాన్ని బోధించారు. భూమినీ గోవునూ నమ్ముకున్న పల్లెలు కట్టుకోవాలని తన అనుచరులకు చెప్పారు. కూర్మ గ్రామం ఆ బోధను అక్షరాలా అమలు చేయాలన్న ప్రయత్నం.

ఇక్కడ కరెంటు లేదు. సెల్‌ఫోను, టీవీ, ఇంటర్నెట్ లేవు. అత్యవసరాల కోసం ఊరి మొత్తానికి ఒక ల్యాండ్‌లైన్ ఫోను ఉంచుకున్నారు. రాత్రి నూనె దీపాలే. తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో లేచి మంగళహారతితో దినచర్య మొదలుపెడతారు. ఆ తర్వాత జపం, ప్రవచనం, పొలం పని, పిల్లల చదువు, సాయంత్రం భజన. నివాసుల్లో సాఫ్ట్‌వేర్ వంటి ఉద్యోగాలు వదిలి వచ్చినవారున్నారు, విదేశీయులూ కొందరున్నారు. గురుకులంలో పిల్లలకు శాస్త్రాలతో పాటు సంస్కృతం, తెలుగు, ఇంగ్లిషు, హిందీ నేర్పుతారు. చదువుకు రుసుము లేదు.

ఇళ్ల నిర్మాణం ఈ గ్రామంలో ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం. సిమెంటు, ఇనుము వాడకుండా ఇసుక, సున్నం కలిపి, అందులో బెల్లం, కరక్కాయ, మెంతులు, మినుములు వంటివి నానబెట్టి చేర్చి రుబ్బిన గచ్చుతో గోడలు కడతారు. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. సిమెంటు రాకముందు తెలుగునాట కోటలూ గుళ్లూ మేడలూ గానుగ సున్నంతోనే లేచాయి. బెల్లం, కరక్కాయ నీళ్లు సున్నానికి పట్టునిస్తాయి. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. అయితే ఈ గచ్చు కలపడానికి, ఆరడానికి పట్టే కాలం సిమెంటు కంటే చాలా ఎక్కువ. పని తెలిసిన తాపీమేస్త్రీలు ఇప్పుడు తక్కువ. ఇల్లు కట్టుకునే మనిషి డబ్బుకు బదులు కాలాన్నీ ఒళ్లు వంచడాన్నీ ఖర్చుపెట్టాలి.

ఎద్దులతో దున్ని వరి, కూరగాయలు, పప్పులు పండించుకుంటారు. బట్టలు మగ్గం మీద నేసుకుంటారు, ఉతకడానికి కుంకుడుకాయలు వాడతారు. వస్తువులు కొనాల్సిన అవసరాన్ని తగ్గించడమే లక్ష్యం తప్ప డబ్బును పూర్తిగా మానేయడం కాదు. భక్తుల విరాళాలు, రాకపోకలు ఉన్నాయి. పత్రికలూ టీవీలూ ఈ గ్రామాన్ని చూపడంతో సందర్శకులు పెరిగారు. ఫోను లేని ఊరికి మనుషులు ఫోన్లు పట్టుకుని వస్తున్నారు. ఏకాంతం కోరి కట్టుకున్న ఊరికి ఇది సులువైన పరిస్థితి కాదు.

ఈ ప్రయోగం మతవిశ్వాసం మీద నిలబడింది. పర్యావరణ స్పృహ, ఆరోగ్యం, అప్పు భయం వంటి కారణాలతో సాదా జీవితం ఎంచుకునేవారికి దీని పనిముట్లు పనికి రావచ్చు. దీన్ని కలిపి ఉంచే కట్టుబాటు మాత్రం ఒకే గురువు, ఒకే దైవం, ఒకే దినచర్య. అది లేకుండా ఇదే ఊరు మరోచోట నిలుస్తుందని చెప్పలేం. (చూ. గురుకులం, గౌడీయ వైష్ణవం.)

ఆస్తిని, సంపాదనను వదులుకున్నవారు

విజయనగరం సంస్థాన వారసుడు పూసపాటి విజయరామ గజపతిరాజు (1924–1995) సోషలిస్టు రాజకీయాల్లో పనిచేసి, 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ అనే విద్యాసంస్థల ట్రస్టును నెలకొల్పారు. విజయనగరం కోటనూ వేల ఎకరాల భూమినీ దానికి రాసి ఇచ్చారు. రాజులు కట్టుకున్న కోటలో విద్యార్థులు చదువుకుంటున్నారు. ఆస్తి వదులుకోవడం, నిరాడంబరంగా బతకడం ఒకటే కాకపోయినా సంపద సొంతానికి కాదు, ధర్మకర్తగా సమాజం కోసం దగ్గర ఉంచుకోవాల్సిందన్న గాంధీ ధర్మకర్తృత్వ భావనకు ఈ ప్రాంతంలో ఇంత పెద్ద ఉదాహరణ మరొకటి లేదు.

కథకుడు కాళీపట్నం రామారావు (1924–2021) సంగతి వేరు. ఆయనకు వదులుకోవడానికి కోట లేదు. లావేరు మండలం మురపాకకు చెందిన ఈయన విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీ పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా లెక్కల మాస్టారుగా పనిచేశారు. అందరికీ కారా మాస్టారు. రాసిన కథలు తక్కువ, కీర్తి పెద్దది. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలన్న పట్టుదలతో పురస్కారాల డబ్బునూ పుస్తకాల మీద వచ్చిన రాబడినీ పెట్టి శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. 1997 ఫిబ్రవరి 22న అది ప్రారంభమైంది. జీవితంలో రెండో భాగమంతా పాత పత్రికలు వెతకడంలో, కథలకు జాబితాలు రాయడంలో, ఊరూరి రచయితలకు ఉత్తరాలు రాయడంలో గడిచింది. లక్షకు పైబడిన కథలు అక్కడ పోగయ్యాయి. ఆయన 2021 జూన్ 4న శ్రీకాకుళంలోనే కన్నుమూశారు. తనకోసం కూడబెట్టుకోని మనిషి తన భాష కోసం ఎంత కూడబెట్టగలడో ఆ గ్రంథాలయం చూపిస్తుంది.

తిండి, సేద్యం

ఈ జిల్లాల పాత తిండి అలవాట్లు కొన్ని ఇప్పుడు కావాలని తిరిగి ఎంచుకుంటున్నవి. రాగిని ఇక్కడ చోడి అంటారు, చోడి అంబలి నిన్నటిదాకా కూలివారి పొద్దుటి తిండి. వరి, రేషను బియ్యం వచ్చాక చోడి, గంటెలు, సామలు, కొర్రలు వెనకబడ్డాయి. మధుమేహం భయంతో పట్టణాలవారు మళ్లీ వాటిని వెతుక్కుంటున్నారు. మన్యం అడవుల్లోని అడ్డాకులతో కుట్టిన విస్తర్లు పెళ్లిళ్లలో ప్లాస్టిక్ పళ్లేలకు ప్రత్యామ్నాయంగా వాడుకలో ఉన్నాయి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఎరువులు, పురుగుమందుల కొనుగోలును తగ్గించి ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో చేసే జీవామృతం మీద ఆధారపడమంటుంది. రైతుకు ఇది అన్నిటికన్నా ముందు అప్పు తగ్గించుకునే మార్గం. (చూ. చిరుధాన్యాలు, ప్రకృతి వ్యవసాయం.)

విమర్శ, భిన్నాభిప్రాయాలు

నిరాడంబరత మీద వచ్చే ప్రధాన విమర్శ అది ఉన్నవారి విలాసమని. ఉత్తరాంధ్రలో ఈ విమర్శకు గట్టి ఆధారాలున్నాయి. కూర్మ గ్రామం కరెంటు వద్దనుకుని మొదలైన 2018లోనే, అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, వందల ఊళ్లు రోజుల తరబడి చీకట్లో, తాగునీరు లేక గడిపాయి. ఒకే జిల్లాలో, ఒకే ఏడాదిలో, అదే దీపం వెలుగు కొందరికి సాధన, కొందరికి శిక్ష అయింది. రోడ్డు లేని కొండ ఊళ్లలో గర్భిణిని డోలీలో మోసుకెళ్లే సవర, జాతాపు కుటుంబాలకు, వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయే మత్స్యకారులకు తక్కువ వస్తువులతో బతకమని చెప్పడానికి ఏమీ లేదు. వాళ్లకు కావాల్సింది రోడ్డు, ఆసుపత్రి, జెట్టీ.

రెండో విమర్శ ఇంకా లోతైనది. నిరాడంబరతను ఆదర్శంగా పెట్టుకున్న పెద్దలు కూడా అన్యాయమైన అప్పులను, భూమి పంపకాన్ని అలాగే ఉంచి న్యాయం చెప్పవచ్చు. దీన్ని కారా మాస్టారే తన ‘యజ్ఞం’ కథలో చూపించారు. అందులో గాంధేయవాది అయిన గ్రామపెద్ద శ్రీరాములునాయుడు నిజాయితీపరుడు, ఊరి మంచి కోరేవాడు. ఆయన నడిపిన తగువులోనే అప్పల్రాముడి కుటుంబం తరాల అప్పు కింద నలుగుతుంది. నిరాడంబరంగా బతికి చూపిన రచయితే నిరాడంబరత ఒక్కటే న్యాయాన్ని తేలేదని రాయడం ఈ చర్చలో గుర్తుంచుకోదగ్గ విషయం.

మూడోది ఆడవాళ్ల శ్రమకు సంబంధించింది. మిక్సీ, గ్యాసు, కుళాయి లేని ఇంట్లో రుబ్బురోలు, పుల్లలు, బావి పని ఎవరి మీద పడుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. పొందూరు వసారాల్లోనైనా కొత్త సాదా నివాసాల్లోనైనా పనిని ఇద్దరూ పంచుకుంటేనే ఎంపిక ఇద్దరిదీ అవుతుంది.

సమర్థకులు చెప్పేది వేరు. వస్తువుల వాడకం తగ్గితే అప్పు తగ్గుతుందని, పెళ్లిళ్లకూ ఇళ్లకూ తాహతుకు మించి ఖర్చుపెట్టి వలసపోయే కుటుంబాలకు ఇది కూడా రక్షణేనని, నేల, నీరు మిగులుతాయని, చేతిపనులు బతుకుతాయని అంటారు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మిషన్ లైఫ్ కూడా అనవసర వినియోగం తగ్గించుకోమనే చెబుతోంది. ఈ వాదనలో బలముంది. అది తక్కువ తినేవాడికి కాక ఎక్కువ వాడేవాడికి చెప్పినప్పుడే సబబు.

వర్తమాన స్థితి

కథానిలయం పుస్తకాలు, పత్రికలు చాలావరకు డిజిటల్ రూపంలో పాఠకులకు అందుతున్నాయి. కూర్మ గ్రామం కొనసాగుతోంది, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఉంటారా బయటికి వస్తారా అన్నదే దానికి అసలు పరీక్ష. పొందూరులో మాత్రం కాలం తక్కువ ఉంది. దవడతో దూది దువ్వడం తెలిసిన ఆడవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటినవారు. వాళ్లకు గిట్టుబాటు కూలి దక్కకపోతే ఈ బట్టను చేయగలవారు మరో తరంలో ఉండరు.